పక్క ఊరి గ్రౌండుకు మొదటి ప్రయాణం: గంగవరం అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు

పలమనేరు పక్కనుండే మా గంగవరంలో పిల్లలు బడి గ్రౌండులో ఆడినన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ దిగులుండదు. "పుంగనూరులో మ్యాచ్ ఉంది", "కుప్పం టోర్నమెంటుకు పేరిచ్చినారు", "మదనపల్లెకు పోవాల" అని బిడ్డ వచ్చి చెప్పిన సాయంత్రం నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. కబడ్డీ అయినా ఖోఖో అయినా హాకీ అయినా ఆ ప్రశ్నలు అవే. అడగడానికి చాలామంది మొహమాటపడతారు. సార్ ఏమనుకుంటారో, టీములోంచి తీసేస్తారేమో అని. అడగండి. అడిగిన తల్లిని చూసి ఏ మంచి పీఈటీ సారూ నొచ్చుకోరు.

"నా సొంత బాధ్యత మీద పంపిస్తున్నాను" అని రాసి సంతకం పెట్టమన్నారు. పెడితే ఇంక మాకు అడిగే హక్కు పోయినట్టేనా?

పోదు. మిగతా అన్నిటికీ ఇదే మూలం కాబట్టి మొదట పెట్టాను. మీ సంతకం ప్రయాణానికి ఒప్పుకోలు, అంతే. ఎవరి అజాగ్రత్తకూ అది మాఫీ పత్రం కాదు. 1995లో పంజాబ్‌లోని ఒక బడి పిల్లల్ని బియాస్ నది ఒడ్డుకు పిక్నిక్‌కు తీసుకెళ్లింది. 14 మంది మునిగిపోయారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. టీచర్ల చేతికి అప్పగించిన పిల్లల్ని కాపాడే బాధ్యత బడిదేనని 2001లో కోర్టు తేల్చి, ఒక్కో బిడ్డకు 5 లక్షల రూపాయల పరిహారాన్ని ఖాయం చేసింది.

అదే బియాస్ 2014 జూన్ 8న మన తెలుగు ఇళ్లలో కన్నీరు పెట్టించింది. హైదరాబాద్ నుంచి టూరుకు పోయిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఒక్కో కుటుంబానికి 20 లక్షలు ఇవ్వాలనీ, విద్యుత్ బోర్డుతో పాటు కాలేజీ కూడా అందులో వాటా భరించాలనీ హిమాచల్ ప్రదేశ్ హైకోర్టు చెప్పింది. వాళ్లు కాలేజీ పిల్లలు. మన పిల్లలకు పన్నెండేళ్లు, పదమూడేళ్లు.

కాబట్టి సంతకం పెట్టండి, కానీ ఖాళీ కాగితం మీద పెట్టకండి. ఏ తేదీ, ఏ ఊరు, ఏ బండి, వెంట వచ్చే పెద్దలెవరు, వాళ్ల ఫోన్ నంబర్లు, తిరిగి ఎన్ని గంటలకు చేరేది, ఇవన్నీ ఆ కాగితంలో ఉండాలి. లేకపోతే మీరే రాయించండి. ఇచ్చేముందు దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఆడపిల్లల టీముకు ఒక్క సారే వెంట పోతున్నారు. పంపవచ్చునా?

ఇంకో పెద్ద మనిషి, అందులోనూ మహిళ, వెంట ఉంటే గానీ పంపనని చెప్పండి. మహిళా టీచర్ దొరక్కపోతే ఒక తల్లిని పంపమనండి. ఇది ఆ సారును అనుమానించడం కాదు, ఆయనకూ ఇదే రక్ష. ఐస్ హాకీ ఆడే పిల్లలు వారాంతం వస్తే వేరే ఊరి రింకుకు పోయే కెనడాలో, కోచ్‌లకు శిక్షణనిచ్చే సంఘం "ఇద్దరి నియమం" అని ఒకటి పెట్టింది. పిల్లల దగ్గర శిక్షణ పొందిన పెద్దలు ఎప్పుడూ ఇద్దరుండాలి, ఒక్కరే ఒక బిడ్డతో మూసిన గదిలో ఉండకూడదు.  మంచు రింకుకు పనికొచ్చే నియమం మట్టి కోర్టుకూ పనికొస్తుంది.

చట్టం వైపు నుంచి చూస్తే, పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష వేసే 2012 నాటి పోక్సో చట్టం కింద 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరూ బాలలే, ఆడైనా మగైనా. తప్పు చేసినవాడు బడి సిబ్బందిలో ఒకడైతే శిక్ష ఇంకా కఠినం. తెలిసీ పోలీసులకు చెప్పనివారికి ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవారు తమ కింది మనిషి సంగతి దాచిపెడితే ఏడాది దాకా. "బడి పేరు పోతుంది, గమ్ముగా ఉండండి" అనేవాళ్లకు ఈ మాట వినిపించాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరో, బిడ్డ కోరిన చోటో తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. రాత్రిపూట బిడ్డను స్టేషన్లో ఉంచకూడదు.

ప్రయాణానికి ముందు రోజు మీ పాపకూ, మీ బాబుకూ పిల్లల సహాయ నంబరు 1098ని నోటికి నేర్పండి. ఎక్కం నేర్పినట్టు నేర్పండి.

టాటా ఏస్ మాట్లాడినారు, తక్కువలో పోతుందని. తప్పా?

తప్పే. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. మామిడికాయలో, టమోటా బాక్సులో దింపి వచ్చిన ట్రాలీలో పిల్లల్ని నిలబెట్టి మ్యాచ్‌కు తీసుకుపోవడం మన పక్క మామూలైపోయింది. మా ఇంటి బిడ్డ కూడా ఒకసారి అట్లాగే పోయి వచ్చింది. ఇంటికి చేరిందాకా నాకు ఆ సంగతి తెలియదు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించుకోవడమే నిబంధనలకు విరుద్ధం. పైగా సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి ప్రమాదం జరిగితే పరిహారం కట్టే బాధ్యత బీమా కంపెనీకి ఉండదని సుప్రీంకోర్టు 2002లోనే తీర్పు చెప్పింది. అంటే బిడ్డకు ఏమైనా అయితే ఆ బండి యజమాని ఆస్తే దిక్కు. ఒక్క బండి మీద బతికే మనిషి దగ్గర ఏముంటుంది?

ఆటో, వ్యాన్ అయితే పర్మిట్‌లో రాసిన సీట్లకు మించి ఎక్కించకూడదు. మించితే మనిషికి 200 రూపాయల జరిమానా, ఎక్కువైనవారిని వేరే బండి ఎక్కించేదాకా ఆ బండి కదలకూడదు. కారులో 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు లేకపోతే 1,000 రూపాయలు. స్కూటర్ మీద తీసుకుపోతే నాలుగేళ్లు దాటిన బిడ్డకు హెల్మెట్ ఉండాలి, వెనక ఒక్కరే కూర్చోవాలి. ముగ్గురు ఆటగాళ్లను ఒక బండి మీద పంపే "సర్దుబాటు" చట్టంలో లేదు.

బస్సులో పోతే టికెట్ ఎట్లా?

నన్నడిగితే అన్నిటికంటే ఆర్టీసీ బస్సే మేలు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకూ ఆడపిల్లలకూ టికెట్ లేదు. గుర్తింపు కార్డు చూపాలి, ఆధార్ ఉంటే చాలు. కాబట్టి అమ్మాయిల టీము మదనపల్లెకో కుప్పానికో పోవాలంటే బస్సు ఖర్చే లేదు. "ఛార్జీలకు డబ్బుల్లేవు, అందుకే ట్రాలీ" అనే మాట అమ్మాయిల విషయంలో ఇంక నిలవదు. అబ్బాయిలకు ఐదు నుంచి పన్నెండేళ్ల దాకా అరటికెట్. అండర్-14లో ఆడేవాళ్లలో చాలామంది పన్నెండు దాటినవారే, వాళ్లకు పూర్తి టికెట్ లెక్కేసుకోండి. బడికి పోయే స్టూడెంట్ పాస్ ఈ దారికి పనికిరాదు.

ఒక్క జాగ్రత్త. రాష్ట్రం దాటే బస్సుల్లో ఈ ఉచితం లేదు. ముళబాగిలు, కోలారు వైపు మ్యాచ్ అయితే అమ్మాయిలకూ డబ్బు పట్టుకోవాలి.

కుప్పంలో రైలెక్కి బెంగళూరుకు పోతే?

ఐదేళ్లలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఐదు నిండి పన్నెండు నిండనివారికి బెర్తు లేకుండా అరటికెట్, బెర్తు కావాలంటే 2016 ఏప్రిల్ 21 నుంచి పూర్తి ఛార్జీ. ఒక హక్కు సంగతి చాలామందికి తెలియదు. ఎవరి దగ్గరో టికెట్లన్నీ ఉండిపోయి, బిడ్డ వేరే పెట్టెలో చిక్కుకుపోయిందనుకోండి. మగ తోడు లేని స్త్రీనిగానీ, బిడ్డనుగానీ టికెట్ లేదని దారిలో ఏ చిన్న స్టేషన్లోనో దించేయడానికి వీల్లేదు. ఎక్కిన స్టేషన్, జంక్షన్, ఆఖరి స్టేషన్, జిల్లా కేంద్రం, ఈ చోట్లలోనే, అదీ పగటిపూటే దించాలి. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ఇది. రైల్వే సహాయ నంబరు కూడా 139 కావడం గుర్తుపెట్టుకోవడానికి కలిసివచ్చింది.

ఏమి కాగితాలు ఎత్తుకొని పోవాల?

స్టడీ సర్టిఫికెట్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, రెండు ఫోటోలు. అసలువి టీచర్ దగ్గర, జిరాక్సులు బిడ్డ సంచిలో. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు అండర్-14, అండర్-17, అండర్-19 అని వయసును బట్టి నడుస్తాయి. "ఒక ఏడాది తగ్గించి రాయించండి, గెలుస్తాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పై స్థాయికి పోయేకొద్దీ మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. అప్పుడు నిలబడి సమాధానం చెప్పాల్సింది మీ బిడ్డే.

ఓడిపోయినారని సారు కొట్టినారు. ఎవరికి చెప్పాల?

విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ దెబ్బనూ, మనసు గాయపరిచే మాటనూ రెంటినీ నిషేధించింది. గ్రౌండు అంటే బడి కాదు కదా అనే వాదన నిలవదు, ఆటకు తీసుకుపోయింది బడే. పద్నాలుగు దాటి ఆ చట్టం పరిధిలోకి రానివారికీ 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ ఉంది. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసిస్తే మూడేళ్ల దాకా జైలు, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థలో పనిచేసేవారైతే ఐదేళ్ల దాకా. మొదట హెచ్‌ఎంకు రాతపూర్వకంగా ఇవ్వండి, ఆపైన ఎంఈఓకు. గ్రౌండులో గుంజిళ్లు తీయించడం, మ్యాచ్ పోయిందని అన్నం ఆలస్యం చేయడం కూడా శిక్షలే.

మా పిల్లోణ్ణి అన్నాల కాడ వేరేగా కూర్చోబెట్టినారు.

ఇది ఇంకా జరుగుతోంది, రాయకుండా దాటలేను. టోర్నమెంటులో రాత్రి బస ఏ బడి గదుల్లోనో ఉంటుంది. పళ్లెం వేరు, గ్లాసు వేరు, చాప వేరు అన్నారంటే అది రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనమే. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. బిడ్డ ఇంటికొచ్చి చెప్పిన మాట ఆ రాత్రే తేదీ వేసి రాసుకోండి. ఒకే టీములో చేయి చేయి పట్టుకొని కూత పెట్టిన పిల్లలు పంక్తిలో విడిపోతే, ఆ టీమును తయారుచేసిన పెద్దలు తల దించుకోవాలి.

దెబ్బ తగిలితే?

108కు చేయండి. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి పోలీసు కాగితాలకోసం ఆగకుండా వైద్యం చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. అది ప్రైవేటు ఆసుపత్రికీ వర్తిస్తుంది. దారిలో రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద ఏడు రోజుల లోపు లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంది. బిడ్డకు ఆయాసం, ఫిట్స్, ఏదైనా మందు పడకపోవడం ఉంటే ఒప్పుకోలు పత్రం వెనక రాసి ఇవ్వండి.

బడికి ఆటల డబ్బు వస్తుందంటారు. అడగవచ్చునా?

అడగవచ్చు. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక బడికి ఏడాదికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, హైస్కూలుకు 25,000 రూపాయల దాకా ఆట సామాన్ల కోసం కేటాయింపు ఉంది. అది బాల్, నెట్ కొనడానికి. ప్రయాణానికి కాదు. లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు.

ఆడటానికి కాదు, బెంగళూరులో పెద్ద మ్యాచ్ చూపించడానికి తీసుకుపోతాం. ఏమైనా జాగ్రత్తలా?

మనకు హైదరాబాద్ కంటే బెంగళూరే దగ్గర. చిన్నస్వామి స్టేడియం అంటే మన పిల్లలకు పిచ్చి. 2025 జూన్ 4న అక్కడే, బెంగళూరు జట్టు గెలిచిన సంబరంలో గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చనిపోయారు. వాళ్లలో బడికి పోయే ఆడబిడ్డ కూడా ఉంది. టికెట్ లేకుండా, "లోపలికి వదులుతారంట" అనే మాట నమ్మి పిల్లలతో గేటు దాకా పోకండి. జనం వత్తిడి మొదలైందనిపిస్తే ఆట పోయినా సరే వెనక్కి రండి. బిడ్డ జేబులో మీ నంబరు రాసిన చీటీ ఉంచండి. తప్పిపోతే ఏ స్టేషన్‌కైనా పోవచ్చు. "మీది ఆంధ్ర, అక్కడ ఇచ్చుకోండి" అనడానికి వీల్లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. బిడ్డ కనబడలేదంటే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. రేపు చూద్దాం అనే మాట ఒప్పుకోకండి.

తల్లిదండ్రులు వెంట పోవచ్చునా?

పోండి. గీత అవతల కూర్చోండి. ఆట నడిచేటప్పుడు సలహాలు కోచ్‌కే వదిలేయండి, అంపైర్‌ను తిట్టకండి, అవతలి ఊరి పిల్లలు బాగా ఆడితే చప్పట్లు కొట్టండి. మదనపల్లె అయితే పిల్లల్ని ఒక పూట ముందే తీసుకుపోయి బీటీ కాలేజీ చూపించండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. మ్యాచ్‌కు ముందు వరుసలో నిలబడి ఆ పాట పాడేటప్పుడు పిల్లలకు ఆ ఊరు వేరే ఊరిలా అనిపించదు.

తిరిగి వచ్చేసరికి రాత్రవుతుందంటున్నారు.

కుప్పం దారిలో కౌండిన్య అభయారణ్యం ఉంది. ఏనుగులు పొలాల మీద పడుతున్నాయని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఫైనల్ ఆలస్యమైతే ఆ రాత్రి అక్కడే ఉండి తెల్లవారాక బయలుదేరమని ముందే మాట తీసుకోండి. అంత ఆలస్యం కాకపోయినా, పిల్లల్ని క్రాస్ రోడ్డులో దించి "నడిచి పోండి" అనకూడదు. ప్రతి బిడ్డనూ ఇంటి మనిషి చేతికే అప్పగించాలి, అప్పగించినట్టు జాబితాలో టిక్కు పెట్టాలి. ఆఖరి టిక్కు పడేదాకా వెంట పోయిన టీచర్ ఇంటికి పోకూడదు.