ఖాళీ రోడ్డు మీద ఒంటరి బండి

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్‌ను రానివ్వరు. అందుకే కాబోలు, అమెరికాలో దిగిన కొత్తలో ఇంటర్‌స్టేట్ మీద భారీ ట్రక్కుల పక్కనే సాగిపోయే మోటార్‌సైకిళ్లను చూస్తే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది. ఒక్కడినే వారం రోజులు అలా వెళ్లి రావాలనిపిస్తుంది. వెళ్లండి. కాకపోతే రద్దీలో బండి నడిపి ఆరితేరిన మనకు ఇక్కడ పరీక్ష పెట్టేది రద్దీ కాదు, ఖాళీ.

ముందు లైసెన్స్. కారు లైసెన్స్ ఒక్కటే చాలదు, మోటార్‌సైకిల్‌కు విడిగా అనుమతి కావాలి. మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వారి బేసిక్ కోర్సు పాసైతే చాలా రాష్ట్రాల్లో రోడ్డు టెస్ట్ ఉండదు. పదేళ్లు పల్సర్ నడిపాను, నాకెందుకు అనుకోకండి. మనలో చాలామందికి కాలి బ్రేకు మీదే నమ్మకం. బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకు. దాన్ని భయం లేకుండా, చక్రం జారకుండా నొక్కడం అక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్పిస్తారు.

సందు కనిపిస్తే దూరే అలవాటు కూడా వదులుకోవాలి. కార్ల వరసల మధ్య నుంచి వెళ్లడాన్ని కాలిఫోర్నియా 2017 నుంచి చట్టబద్ధం చేసింది. యూటా లాంటి కొన్ని రాష్ట్రాలు షరతులతో ఒప్పుకుంటాయి. చాలా చోట్ల అది నేరం.

ఇక ఖాళీ సంగతి. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే పెట్రోలు గురించి ఆలోచించం. సూర్యాపేటలో టీ తాగి, అక్కడే కొట్టిద్దాంలే అనుకుంటాం. యూటాలో ఐ-70 ఇంటర్‌స్టేట్ మీద గ్రీన్ రివర్ దాటాక సలైనా వచ్చేదాకా 100 మైళ్లకు పైగా బంకు లేదు, టీ లేదు, ఊరే లేదు. నెవాడాలో యూఎస్-50 మీద కూడా ఊళ్లు దూరదూరంగా ఉంటాయి. 1986లో లైఫ్ పత్రిక దాన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అంది. నాలుగు గ్యాలన్ల ట్యాంకు, గ్యాలన్‌కు 45 మైళ్లు వేసుకుంటే 180 మైళ్లు రావాలి. ఎదురుగాలిలో వేగంగా పోతే ఆ లెక్క నిలవదు. అందుకని పడమటి రాష్ట్రాల్లో సగం ట్యాంకు ఉన్నా సరే, కనిపించిన బంకులో నింపించండి. ఫోన్‌కు సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉంటాయి కాబట్టి మ్యాపులు ముందే దించుకోండి. మూడు లీటర్ల నీళ్లు, ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్, చిన్న గాలి పంపు బ్యాగులో ఉండాల్సిందే.

గాలినీ తక్కువ అంచనా వేయకండి. వయోమింగ్‌లో ఐ-80 మీద పక్కగాలి బండిని అమాంతం పక్క లేన్‌లోకి తోస్తుంది. అప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. మోకాళ్లతో ట్యాంకును అదిమి, చేతులు వదులు చేయాలి.

మొదటి ట్రిప్పులో రోజుకు 300 మైళ్లు చాలు. అంటే 480 కిలోమీటర్లు, తక్కువేం కాదు. చీకటి పడేలోపు మోటెల్ చేరిపోండి. సంజెవేళ జింకలు రోడ్డెక్కుతాయి.

వీసా మీద ఉన్నవాళ్లు ఐ-94 ఎంట్రీ ఫారం కాపీ, పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. టెక్సాస్‌లో ఐ-10 మీద సియెరా బ్లాంకా దగ్గర బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు ఉంది, మీరు దేశం దాటకపోయినా అడుగుతారు. పోలీసు లైట్లు వెనక పడితే కుడివైపు ఆపి, ఇంజన్ కట్టేసి, చేతులు హ్యాండిల్ మీదే ఉంచండి. మన అలవాటు కొద్దీ బండి దిగి ఎదురెళ్లవద్దు.

ఇంట్లోవాళ్లకు లైవ్ లొకేషన్ పంపండి. సిగ్నల్ ఉండని గంటలు ఏవో ముందే చెబితే అమ్మ కంగారు పడదు. తిండి సంగతికొస్తే, పెన్సిల్వేనియా మీదుగా వెళ్తే పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లో వేంకటేశ్వరుడి గుడి ఉంది. నాలుగు రోజులు బర్గర్లు తిన్న నోటికి అక్కడి పులిహోర ఎంత హాయో తింటే గాని తెలియదు.

ఒక్క మాట. మన దగ్గర ఎదురొచ్చేవాడు చెయ్యి కిందికి చూపిస్తే సైడ్ స్టాండ్ తీయలేదని అర్థం. ఇక్కడ ఎదురుగా వచ్చే బైకర్ ఎడమ చెయ్యి కిందికి చాచి రెండు వేళ్లు చూపిస్తే అది పలకరింపు. గంటసేపు మనిషి కనిపించని దారిలో అది ఎంత ధైర్యమో చెప్పలేను. మీరూ చెయ్యి చాచండి. మలుపులో ఉంటే తల ఊపినా చాలు.