గ్లైడరు రెక్కల్లో నీరు ఎందుకు?

చమురు బయటపడక పూర్వం ఖతీఫ్ తీరానికీ, దాని ఎదుటి తారూత్ దీవికీ ముత్యాల వేట ఒక ముఖ్య జీవనాధారం. ఈతగాడు కాలికి బరువైన రాయి తగిలించుకొని మునిగేవాడు. ఆ బరువు అతణ్ణి త్వరగా అడుగుకు చేర్చేది. అడుగు తాకగానే రాయిని వదిలివేసేవాడు. పడవ మీది సైబ్ అనే సహచరుడు దానిని తాడుతో పైకి లాగుకొనేవాడు. వదలవలసిన వేళ రాయి వదలకపోతే ప్రాణాపాయమే.

ఇంజను లేని గ్లైడరులో నీటిది కూడా ఇదే పాత్ర. పోటీలకు వాడే గ్లైడర్ల రెక్కల్లో వందకు పైగా లీటర్ల నీరు నింపడం పరిపాటి. ఎగరవలసిన దానికి బరువెందుకని పిల్లలు అడగక మానరు. నిశ్చలమైన గాలిలో గ్లైడరు నిరంతరం కిందికి జారుతూనే ఉంటుంది. వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి మేలైన గ్లైడరు నలభై కిలోమీటర్లు సాగగలదు. చిత్రమేమిటంటే, బరువు పెంచినా ఈ దూరం దాదాపు తగ్గదు. వేగం మాత్రం బరువుల నిష్పత్తి యొక్క వర్గమూలం మేరకు పెరుగుతుంది. 350 కిలోల గ్లైడరులో 175 లీటర్ల నీరు పోస్తే 525 కిలోలవుతుంది. అప్పుడు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో సాగినంత దూరమూ 122 కిలోమీటర్ల వేగంతో సాగవచ్చు. ఎండకు కాగిన ఎడారి మీద గాలి బలంగా పైకి లేచే మధ్యాహ్నాలలో ఇది గొప్ప లాభం. చల్లని సముద్రపు గాలి నేల మీదికి చొరబడి ఆ ప్రవాహాలను అణచివేసినప్పుడు మాత్రం అదే నీరు గుదిబండ.

ఆ వర్గమూలమే దిగేటప్పుడు భయపెడుతుంది. 70 కిలోమీటర్ల దగ్గర రెక్క పట్టు తప్పే గ్లైడరు, నీటి బరువుతో 86 దగ్గరే పట్టు తప్పుతుంది. 45 డిగ్రీల వేడిలో గాలి పలచబడటం వల్ల నేల మీద అసలు వేగం మరో ఐదు శాతం ఎక్కువ. అందుకే దిగడానికి చాలా ముందే నీటిని వదలాలి. టాంకులు ఖాళీ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఒక రెక్క నీరు పోయి రెండవది పోకపోతే విమానం ఒక పక్కకు వాలుతుంది. అలాంటి సూచన కనబడగానే రెండు కవాటాలూ మూసివేయాలని చాలా చేతిపుస్తకాలు చెబుతాయి. కొన్నింటికి తోకలో కూడా చిన్న టాంకు ఉంటుంది. రెక్కల నీరు పోయి తోక నీరు గడ్డకట్టి నిలిచిపోతే మరీ ప్రమాదం: గరిమనాభి వెనక్కి జరిగి, గ్లైడరు గిరికీలు కొడుతూ పడితే తేరుకోవడం కష్టం.

వేగానికి మరొక మోసం ఉంది. 6,000 మీటర్ల ఎత్తున వేగమాపకం 200 చూపుతుంటే అసలు వేగం సుమారు 270. వదులైన తెరచాప గాలికి కొట్టుకున్నట్లు రెక్కలు కంపించి విరిగే ముప్పు ఈ అసలు వేగాన్ని అనుసరించి పెరుగుతుంది. కాబట్టి ముళ్ళు ఎర్రగీతకు దూరంగా ఉన్నదని నిబ్బరపడరాదు. ఎత్తుకు తగ్గట్టు తగ్గించిన హద్దుల పట్టికను చూడాలి. పసుపు భాగపు వేగాలు ప్రశాంతమైన గాలికే పరిమితం. ఎడారి గాలి ప్రశాంతంగా ఉండటం అరుదు. ఎర్రగీత దగ్గర అదుపుకర్రను మూడోవంతుకు మించి కదపరాదు.

ఉప్పు తీసిన నీరు తాగే ఊళ్ళలో ఇంత నీటిని గాలిపాలు చేయడం దుబారాగా తోచవచ్చు. తగినంత ఎత్తున వదిలితే అది సన్నని తుంపరగా చెదిరి, పొడిగాలిలో చాలావరకు నేలను చేరకుండానే ఆవిరవుతుంది.