తెర మీది పుస్తకానికి పరీక్ష

పరీక్షలన్నీ మనకే అనుకుంటాం. పుస్తకానికి కూడా పరీక్ష పెట్టవచ్చు. ఆన్‌లైన్ పుస్తకం చదివేవాళ్ళకు వీలుగా ఉందో లేదో చూసే ఈ పద్ధతిని యూజబిలిటీ టెస్టింగ్ అంటారు.

అచ్చు పుస్తకంలో ‘సగం దాటాక, ఎడమపక్క పేజీ, కింద బొమ్మ’ అని గుర్తుంటుంది. తెర మీద ఆ గుర్తు ఉండదు. ఒకచోట నొక్కితే ఎక్కడికో పోతాం, వెనక్కి దారి తెలియదు.

పరీక్షలో చదివే వాళ్ళకు ఒక పని చెప్పాలి. వాళ్ళు మనసులో అనుకునేదంతా పైకి అంటూ వెతకాలి: “సూచిక ఏదీ? ఇదేనా? కాదే!” ఈ పద్ధతిని 1982లో ఐబీఎం సంస్థలో క్లేటన్ లూయిస్ కంప్యూటర్ పరీక్షల్లోకి తెచ్చాడు. పక్కన కూర్చున్నవాళ్ళు మాట్లాడకుండా, ఎక్కడ ఆగారో, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. అసలు కష్టం ఇదే, మన నోరు ఊరుకోదు! “అక్కడ నొక్కరా” అన్నామో, పరీక్ష పాడైనట్టే. దొరకకపోతే “వీడు మొద్దు” అని రాయకూడదు. ఆ పేజీలో లోపం ఉందని రాయాలి.

ప్రశ్న అడగడంలో ఒక కిటుకుంది. “కిరణజన్య సంయోగక్రియ పాఠం తియ్యి” అంటే ఆ మాటే కొట్టి తీసేస్తారు. “ఆకు తన తిండి ఎట్లా చేసుకుంటుంది?” అని అడగాలి. అప్పుడు వెతికే గడిలో ‘ఆకు తిండి’ అని కొడితే ఏమీ రాదు. ఇంట్లో కువి, కోయ, గోండి మాట్లాడే మనలాంటివాళ్ళకు ఆ పెద్ద మాట ముందే ఎట్లా తెలుస్తుంది? పాఠం ఉంది, దారి లేదు.

అమెరికాలోని బెల్‌కోర్ సంస్థవాళ్ళు 1980లలో సూపర్‌బుక్ అనే తెర పుస్తకం తయారుచేశారు. మొదటి కూర్పులో వెతకడం అచ్చు పుస్తకం కంటే ఆలస్యమైంది. చదివేవాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసి దిద్దారు. తర్వాతి కూర్పు అచ్చు పుస్తకాన్ని మించింది. వెతికిన మాట ఏ అధ్యాయంలో ఎన్నిసార్లుందో విషయసూచిక పక్కనే అంకెల్లో కనబడేది.

ఎంతమంది కావాలి? అయిదుగురితో దాదాపు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని జేకబ్ నీల్సన్ 2000లో రాశాడు. అయిదుగురూ తరగతి ఫస్టులైతే మాత్రం లాభం లేదు. మౌస్ పట్టని ఆరో తరగతి తమ్ముడు కూడా ఉండాలి.

కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు. పేజీలు కాగితాల మీద గీసి, వేలు పెట్టిన చోటును బట్టి ఒకరు కాగితం మారుస్తుంటే చాలు. ఆ ఒక్కరే కంప్యూటర్ అన్నమాట!