ఒక్క అక్షరం తేడా

సత్తెమ్మది భువనగిరి దగ్గర ఒక పల్లె. జాకెట్లు కుడుతుంది. రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. ఇప్పుడు బస్సు బోర్డు చదువుతుంది. సంఘం పుస్తకంలో తన లెక్క తానే చూసుకుంటుంది.

కూతురు మంజుల బీకాం చదివింది. కంప్యూటర్లో లెక్కలు రాస్తుంది. తెలుగు టైపు కూడా వచ్చు. పని కోసం రోజూ భువనగిరి పోతుంది. ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది.

"మన ఇంట్లోనే కంప్యూటర్ ఉంటే, పని ఇంటికి తెచ్చుకుంటానమ్మా" అంది మంజుల.

సత్తెమ్మ దాచుకున్నవి 25,000 రూపాయలు. సంఘంలో మరో 15,000 అప్పు తీసుకుంది. మొత్తం 40,000. అప్పు నెలనెలా కట్టాలి. కొన్న వస్తువు పనికి రాకపోతే అప్పు మాత్రం మిగులుతుంది. అందుకే సత్తెమ్మకు భయం.

ముందు కొలత, తర్వాత గుడ్డ

సత్తెమ్మ అన్న కొడుకు శ్రీను కంప్యూటర్లు బాగుచేస్తాడు. అతన్ని పిలిపించింది.

"అత్తా! విడి భాగాలు కొందాం. నేను ఇంట్లోనే బిగిస్తాను. ఏ భాగం ఎలాంటిదో మనకు తెలుస్తుంది. రేపు ఒకటి పాడైతే అదొక్కటే మార్చుకోవచ్చు" అన్నాడు శ్రీను.

"ఏమేం కొనాలి?"

"అది తర్వాత. ముందు మంజుల ఏం పని చేస్తుందో చెప్పండి."

సత్తెమ్మ నవ్వింది. "కొలత తీసుకోకుండా గుడ్డ కత్తిరించొద్దు అంటావు. అంతేగా?"

"అంతే అత్తా! లెక్కలకు, టైపుకు పెద్ద ఆటల కంప్యూటర్ అక్కర్లేదు."

శ్రీను ఒక్కొక్క భాగం గురించి చెప్పాడు.

ప్రాసెసర్: ఇది కంప్యూటర్‌కు మెదడు. లెక్కలన్నీ ఇదే చేస్తుంది.

మదర్‌బోర్డు: భాగాలన్నిటినీ కలిపే పలక. ప్రాసెసర్ కూర్చునే గూడు దీని మీదే ఉంటుంది. అన్ని ప్రాసెసర్లూ అన్ని గూళ్లలో పట్టవు.

ర్యామ్: పొయ్యి దగ్గర గట్టు లాంటిది. గట్టు పెద్దదైతే నాలుగు గిన్నెలు పెట్టుకోవచ్చు. ఇరుకైతే పని ఆగుతుంది. కరెంటు పోతే ర్యామ్‌లో ఉన్నది చెరిగిపోతుంది. మంజుల పనికి 8 జీబీ సరిపోతుంది. తర్వాత ఇంకోటి చేర్చడానికి బోర్డులో ఖాళీ ఉండాలి.

ఎస్ఎస్‌డీ: ఇది గాదె. రాసినవన్నీ ఇందులో నిలవ ఉంటాయి. పాత రకం హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగం.

ఎస్ఎంపీఎస్: మన ఇంటి కరెంటు 230 వోల్టులు. కంప్యూటర్ భాగాలకు 12 వోల్టులు, అంతకన్నా తక్కువ చాలు. కరెంటును అలా మార్చి పంపేది ఇదే.

"డబ్బు చాలకపోతే ఎక్కడ తగ్గించుకోవాలి?" అని అడిగింది సత్తెమ్మ.

"బయటి డబ్బా, కీబోర్డు మామూలువి కొనొచ్చు. మానిటర్ పాతది దొరికినా వెలిగించి చూసి తీసుకోవచ్చు. దాని తీగ మన బోర్డుకు పట్టాలి. అది మాత్రం చూసుకోవాలి. ఎస్ఎంపీఎస్ దగ్గర మాత్రం కక్కుర్తి పడొద్దు. నాసిది పెడితే, అది పాడైన రోజు మిగతా భాగాలను కూడా పాడు చేయవచ్చు. ఎస్ఎస్‌డీ కూడా కొత్తదే కొనాలి. మంజుల కష్టమంతా అందులోనే కదా ఉండేది."

శ్రీను ఒక చీటీ రాశాడు. ప్రాసెసర్ దగ్గర ఇంటెల్ ఐ3-12100 అని రాశాడు. దానికి పట్టే బోర్డు, ఆ బోర్డుకు పట్టే ర్యామ్ కింద రాశాడు. విండోస్‌కు అయ్యే ఖర్చు కూడా వేశాడు. సత్తెమ్మ ఆ చీటీని మూడుసార్లు చదివింది.

అంగట్లో

ముగ్గురూ సికింద్రాబాదు పోయారు. పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరూ సీటీసీ అంటారు. అక్కడ ఎటు చూసినా కంప్యూటర్ అంగళ్లే.

ఒక అంగట్లో బిగించి ఉన్న పాత కంప్యూటర్ చూపించారు. "ఇది ఐ7 అమ్మా! ఐ3 కన్నా పెద్దది. పైగా చవక" అన్నారు.

మంజులకు ఆశ పుట్టింది. శ్రీను దాని అంకె చూపించాడు. ఐ7-2600 అని ఉంది.

"ఇక్కడ చివరి మూడు అంకెలు వదిలేసి ముందున్న అంకె చూడు. 2 ఉంది. అంటే రెండో తరం. 2011లో వచ్చింది. మన చీటీలో 12 ఉంది. పన్నెండో తరం. 2022లో వచ్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11ను ఈ రెండో తరానికి ఆ సంస్థ ఒప్పుకోదు" అన్నాడు.

మూడు అంగళ్లలో ధరలు అడిగారు. మంజుల కాగితం మీద రాసుకుంది. ధర కుదిరిన అంగడికి మళ్లీ వచ్చారు. శ్రీను, మంజుల డబ్బాలు చూస్తున్నారు. అంగడి అబ్బాయి ప్రాసెసర్ పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు.

సత్తెమ్మ చీటీ తీసింది. పెట్టె మీది అంకెలు ఒక్కొక్కటి వేలు పెట్టి చూసింది. ఒకటి, రెండు, ఒకటి, సున్నా, సున్నా. సరిగ్గానే ఉంది. కానీ చివర ఇంకేదో ఉంది.

"బాబూ, ఇక్కడ ఒక అక్షరం ఎక్కువ ఉంది. మా చీటీలో లేదు."

"రెండూ ఒకటేనమ్మా. ఇది ఇంకా తక్కువకు వస్తుంది."

సత్తెమ్మ ఊరుకోలేదు. శ్రీనును పిలిచింది. అతను చూసి ఉలిక్కిపడ్డాడు.

"అత్తా, ఇది ఎఫ్! ప్రాసెసర్‌లో తెరకు బొమ్మ పంపే భాగం ఉంటుంది. ఎఫ్ అని ఉన్నదానిలో ఆ భాగం పనిచేయదు. వేరే గ్రాఫిక్స్ కార్డు కొనాలి. లేకపోతే మానిటర్ మీద ఏమీ కనపడదు. ఇది చవకే. కార్డు ఖర్చు కలిపితే మన డబ్బు చాలదు."

అంగడి అబ్బాయి పెట్టె మార్చి ఇచ్చాడు.

తర్వాత ర్యామ్ చూశారు. బోర్డు పెట్టె మీద డీడీఆర్4 అని ఉంది. ర్యామ్ మీద కూడా అదే ఉంది. డీడీఆర్5 ర్యామ్ అందులో పట్టదు. దాని గాటు వేరే చోట ఉంటుంది.

సత్తెమ్మ అన్నిటికీ బిల్లు రాయించింది. ఒక్కో భాగం మీది నంబరు బిల్లులో ఉందో లేదో చూసింది. ఇంటెల్ సంస్థ పెట్టె ప్రాసెసర్‌కు 3 సంవత్సరాల వారంటీ ఇస్తుంది. బిల్లు పోతే వారంటీ అడగడం కష్టం.

ఆ రాత్రి శ్రీను అన్నీ బిగించాడు. మీట నొక్కాడు. తెర వెలిగింది.

మంజుల తెలుగులో మొదట టైపు చేసింది అమ్మ పేరు. సత్తెమ్మ తెర దగ్గరికి వంగి, వేలు పెట్టి, పైకి చదివింది.

గుర్తుంచుకోండి

1. ముందు పని నిర్ణయించుకోండి. తర్వాత భాగాలు ఎంచుకోండి.
2. ఒక భాగం ఇంకో భాగానికి పట్టాలి. కొనే ముందే చూసుకోండి.
3. చీటీలో ఉన్నదీ పెట్టె మీద ఉన్నదీ అక్షరం అక్షరం పోల్చండి.
4. రెండు మూడు అంగళ్లలో ధర అడిగి రాసుకోండి. ధరలు తరచూ మారుతుంటాయి.
5. బిల్లు తప్పక తీసుకోండి. మోసం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

చెప్పండి

1. సత్తెమ్మ ఎందుకు భయపడింది?
2. ఎస్ఎంపీఎస్ దగ్గర ఎందుకు కక్కుర్తి పడకూడదు?
3. ఐ7-2600, ఐ3-12100. వీటిలో కొత్త తరం ఏది? ఎలా తెలిసింది?
4. మీరు ఈ మధ్య కొన్న వస్తువు పెట్టె తీయండి. దాని మీద ఏం రాసి ఉందో చదవండి.