బిడ్డ అడుగకముందే చెప్పవలసిన సంగతి
(తల్లిదండ్రుల కూడికకు పాఠము)



"అమ్మా, నేనెట్లా పుట్టాను?" అని బిడ్డ అడిగినప్పుడు "ఆస్పత్రిలో కొన్నాము" అని మనలో అనేకులము మాట దాటవేయుదుము. ఆ బిడ్డ మరల మనలను అడుగడు. తోటి పిల్లలను, సెల్ ఫోనును అడుగును. బడి నేర్పునని ఊరకుండరాదు. 2007లో కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు బడులలో ఈ బోధనకు అడ్డు చెప్పినవి. సామెతల గ్రంథము 5 మొదలు 7 అధ్యాయములలో తండ్రి కుమారునితో ఈ సంగతి దాపరికము లేక మాటలాడెను. కావున సిగ్గుపడి మౌనముగా ఉండుట భక్తి కాదు.

1. అయిదేండ్లలోపు

కన్ను, ముక్కు నేర్పినట్లే మర్మాంగములకును పేరు నేర్పవలెను. మన పిల్లలు బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో మాటలాడుదురు, ఇంట తెలుగు మాటలాడుదురు. ఈ భాగములకు మాత్రము ఏ భాషలోను మాట ఎరుగరు. మాట లేని బిడ్డ తనకు జరిగిన కీడును ఎట్లు చెప్పును? స్నానము చేయించు తల్లి, ఆమె ఎదుట పరీక్షించు డాక్టరు తప్ప మరెవరును అక్కడ ముట్టరాదు; ముట్టి "ఎవరికీ చెప్పకు" అన్నయెడల వెంటనే ఇంట చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వము 2007లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము ఇట్టి కీడు చేసినవారిలో సగముమంది పిల్లలు ఎరిగినవారు, నమ్మదగిన స్థానములో ఉన్నవారు. మేనమామయైనను, సంఘ పెద్దయైనను నియమము ఒక్కటే.

2. ఎనిమిది, తొమ్మిదేండ్లకు

ఆడపిల్లలకు 8–13, మగపిల్లలకు 9–14 ఏండ్ల మధ్య శరీరము మారనారంభించును. పిల్ల పెద్దమనిషియైనప్పుడు చీర కట్టి, బంధువులకు భోజనము పెట్టుదుము గాని ఆ రక్తము ఎందుకు వచ్చినదో చెప్పము. బిడ్డ కొరకు గర్భసంచిలో నెలనెల ఏర్పడు పొర, గర్భము రానప్పుడు బయటికి వచ్చును. అది రోగము కాదు, మైల కాదు. ముందే విన్న పిల్ల బెదరదు. కుమారునికి తండ్రి చెప్పవలెను: నిద్రలో వీర్యము పోవుట బలహీనత కాదు, మందు అక్కరలేదు. ఇది తెలియని పిల్లలే గోడల మీది లాడ్జి వైద్యుల ప్రకటనలకు మోసపోవుదురు.

3. పదమూడేండ్లు దాటినప్పుడు

గర్భము ఎట్లు వచ్చునో, రోగములు ఎట్లు అంటునో స్పష్టముగా చెప్పవలెను. ఫోనులోని బొమ్మలు దాంపత్యమునకు మాదిరి కావు. 18 ఏండ్లలోపు వారితో లైంగిక సంబంధము, వారు ఒప్పుకొనినను, 2012 నాటి పోక్సో చట్టము క్రింద నేరము. కుమారులకు ఇది తప్పక తెలియవలెను.

4. బిడ్డ వచ్చి చెప్పినప్పుడు

నమ్మవలెను, గద్దింపరాదు. "తప్పు నీది కాదు" అని మొదట చెప్పవలెను. పిమ్మట పోలీసులకుగాని 1098 నంబరుకుగాని తెలుపవలెను. తెలిసియు తెలుపకుండుట అదే చట్టము ప్రకారము నేరము. కుటుంబ పరువు, సంఘ పరువు బిడ్డకంటె గొప్పవి కావు.

చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఇంట ఈ భాగములకు ఏ మాటలు వాడుచున్నాము?
2. మన బిడ్డకు కీడు జరిగినయెడల మొదట ఎవరితో చెప్పును? మనతోనేనా?
3. తండ్రులు కుమారులతో మాటలాడుటకు ఏది అడ్డము?