ఖనిజం వేసిన దారిలో నార్విక్‌కు

ప్రశ్న: మేం విశాఖవాసులం. స్వీడన్ నుంచి రైల్లో నార్వేలోని నార్విక్ వెళ్లాలనుంది. సరిహద్దు దాటడానికి వేరే వీసా కావాలా? రెండు రోజులు సరిపోతాయా?

జవాబు: వేరే వీసా అక్కర్లేదు. నార్వే ఐరోపా సమాఖ్యలో లేకపోయినా, 2001 నుంచి రెండు దేశాలూ షెంజెన్ ప్రాంతంలోనే ఉన్నాయి. పాస్‌పోర్టు మాత్రం చేతికందేలా ఉంచుకోవాలి.

స్టాక్‌హోమ్‌లో రాత్రి రైలెక్కితే ప్రయాణం పద్దెనిమిది గంటల పైమాటే. కిరునా దాటాక కుడివైపు కిటికీని వదలకూడదు. ముందు టోర్నెట్రెస్క్ సరస్సు, సరిహద్దు దాటాక కొండ అంచు కింద లోతుగా రొంబాక్ ఫియోర్డ్.

విశాఖవాసులకు ఈ దారి కథ కొత్తేమీ కాదు. బైలదిల్లా ఖనిజం కోసం కొత్తవలస–కిరండూల్ లైను పడినట్టే, కిరునా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి వేసిన ఈ లైను 1903లో అధికారికంగా ప్రారంభమైంది. చలికాలంలో స్వీడన్ వైపున్న ఉత్తర బాల్టిక్ సముద్రం గడ్డకడుతుంది. వెచ్చని సముద్ర ప్రవాహం పుణ్యమా అని నార్విక్ రేవు గడ్డకట్టదు. 1940లో జర్మన్లూ మిత్రపక్షాలూ ఇంత చిన్న ఊరి కోసం పోరాడింది అందుకే.

రెండు రోజులు చాలు. ఒక పూట యుద్ధ మ్యూజియం, ఆకాశం తేటగా ఉన్న పూట కేబుల్ కారులో కొండమీదికి. డిసెంబరులో అక్కడ సూర్యుడు ఉదయించడు, జూన్‌లో అస్తమించడు. స్వీడన్ క్రోనా వేరు, నార్వే క్రోనే వేరు. కార్డు ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.