మాట ఎందుకు వినబడలేదు?

శంషాబాద్ దగ్గర ఒక ఊరు. ఊరి మీదుగా రోజూ విమానాలు పోతుంటాయి. ఇక్కడి విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అంతకు ముందు విమానాలు బేగంపేట నుంచి పోయేవి.

ఆ ఊళ్లో ఒక అత్త, కోడలు ఉన్నారు. అత్త పెద్దకొడుకు ఇక్కడే విమానం ఎక్కి కువైట్ పోయాడు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజే ఇంటికి మాట్లాడతాడు. అత్త వారమంతా ఎదురు చూస్తుంది.

ఆ శుక్రవారం కంప్యూటర్‌లో కొడుకు కనబడ్డాడు. పెదవులు కదులుతున్నాయి. మాట మాత్రం వినబడడం లేదు.

"వానికేమైంది బిడ్డా?" అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కొత్త స్పీకర్లు కొనాలి వదినా" అన్నాడు మరిది.

"ముందు చూద్దాం. తర్వాత కొందాం" అంది కోడలు.

మాట ఎలా వస్తుంది?

మైకు మన గొంతును కరెంటుగా మారుస్తుంది. కంప్యూటర్ ఆ కరెంటును సెకనుకు వేలసార్లు కొలిచి అంకెలుగా మారుస్తుంది. అవతలి కంప్యూటర్ ఆ అంకెలను మళ్లీ కరెంటుగా మార్చి స్పీకర్‌కు పంపుతుంది. అప్పుడు మాట వినబడుతుంది. ఈ దారి ఎక్కడ తెగినా మాట ఆగిపోతుంది. మడికి నీళ్లు రాకపోతే కాలువ వెంట నడిచి చూస్తాం కదా! ఇదీ అంతే.

కోడలు ఒక్కొక్కటే చూసింది.

1. స్పీకర్‌కు కరెంటు ఉందా? ఉంది. లైటు వెలుగుతోంది.

2. తెర మీది స్పీకర్ బొమ్మపై కొట్టివేత గుర్తు ఉందా? లేదు. ఉంటే శబ్దం ఆపేసినట్టు.

3. వైరు సరైన రంధ్రంలో ఉందా? చాలా కంప్యూటర్లలో ఆకుపచ్చ రంధ్రం స్పీకర్‌కు, గులాబీ రంధ్రం మైకుకు. స్పీకర్ వైరు గులాబీ రంధ్రంలో ఉంది!

పొద్దున దుమ్ము దులుపుతుంటే వైరు ఊడింది. అత్తే తెలియక అక్కడ పెట్టింది. కోడలు దాన్ని తీసి ఆకుపచ్చ రంధ్రంలో పెట్టింది.

"అమ్మా, వినబడుతోందా?"

అత్త ముఖం వెలిగింది. పైసా ఖర్చు కాలేదు.

అప్పటికీ వినబడకపోతే?

సెట్టింగుల్లో శబ్దం వేరే పరికరానికి పోతోందేమో చూడాలి. పాటలు రికార్డు చేసేవాళ్లు మైకును ఆడియో ఇంటర్‌ఫేస్ అనే చిన్న పెట్టెకు కలుపుతారు. అది పనిచేయకపోతే దాని వైరు తీసి వేరే రంధ్రంలో పెట్టి చూడాలి. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేయాలి. ఒకసారి ఒక్కటే మార్చాలి. అప్పుడే తప్పు ఎక్కడుందో తెలుస్తుంది.

తడి చేతులతో వైర్లు ముట్టుకోవద్దు.

జవాబులు రాయండి:

1. స్పీకర్ వైరు ఏ రంగు రంధ్రంలో పెట్టాలి?
2. ఒకసారి ఒక్కటే ఎందుకు మార్చాలి?